మన పనికి తగ్గ కుర్రాళ్లు ఐటీఐ నుంచి రావాలంటే యజమాని ఏం చేయాలి

మూడేళ్ల కిందట, మార్చి నెలాఖర్లో ఒకరోజు పొద్దున్న ఆరున్నరకే మా మోటార్ల రిపేరు షాపు ముందు ట్రాలీ ఆటో ఆగింది. రాత్రి రొయ్యల చెరువు మీద ఆగిపోయిన మూడు ఏరియేటర్ (నీళ్లలోకి గాలి ఎక్కించే మిషను) మోటార్లు దిగాయి. వెనకే బండి మీద రైతు వచ్చాడు, రాత్రంతా నిద్ర లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది, ఇంకాసేపు ఆలస్యమైతే పంటే పోతుంది.

వారం కిందట చేరిన కుర్రాణ్ని పిలిచి ఒక మోటారు చూడమన్నాను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు చదివి మంచి మార్కులతో పాసైన పిల్లాడు. టెర్మినల్ బాక్స్ మూత విప్పాడు. లోపల ఉప్పు తెల్లగా పొరకట్టింది, రాగి బోల్టు చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. అది చూసి అతనికేమీ తట్టలేదు. మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరు, చేతికిస్తే ఏ తీగ ఎక్కడ పెట్టాలో తెలియక నా మొహం చూశాడు. "పుస్తకంలో బొమ్మ చూశానండి, చేత్తో పట్టుకోవడం ఇదే మొదలండి" అన్నాడు.

కోపం ఆగలేదు. ఆ మధ్యాహ్నమే ఐటీఐకి వెళ్లి, రెండేళ్లు ఏం నేర్పారని అక్కడి మాస్టారిని అడిగేశాను. ఆయన తిరిగి కోప్పడలేదు. "మీ షాపులో ఏ పని ఎక్కువ జరుగుతుందో, మా పిల్లలకి ఏది రాకపోతే మీకు నష్టమో ఇన్నేళ్లలో ఒక్కసారైనా వచ్చి చెప్పారాండీ?" అన్నారు.

చెప్పలేదు. మా వీధిలో ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి ఈ పని మీద తిరుగుతున్నాను. అందులో పనికొచ్చినవి ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీది రైస్ మిల్లు కావచ్చు, ఐస్ ఫ్యాక్టరీ, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, కొబ్బరి పీచు యూనిట్, లేత్ షాపు ఏదైనా కావచ్చు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, మండపేట, ఎక్కడున్నా దారి ఒక్కటే.

ముందు ఒక నోటుబుక్కు పెట్టండి

ఐటీఐకి వెళ్లే ముందు పదిహేను రోజులు మీ షాపులో జరిగే పనులు రాయండి. "స్కిల్ లేదు", "పని మీద శ్రద్ధ లేదు" లాంటి మాటలు రాయకండి, అవి మాస్టారికి ఎందుకూ పనికిరావు. పని పేరు, ఏ సామానుతో చేయాలి, ఎంతసేపట్లో అవ్వాలి, సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది, కొత్త మనిషి ఎక్కడ తప్పు చేశాడు. ఈ ఐదూ రాస్తే చాలు.

నా పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది: "2 హెచ్‌పీ ఏరియేటర్ మోటారు. వైండింగ్‌కీ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపిస్తే కరెంటు ఇవ్వకూడదు, ఆరబెట్టి మళ్లీ చూడాలి. పది నిమిషాల పని. కొత్తవాడు చూడకుండానే కరెంటు ఇచ్చాడు, వైండింగ్ కాలింది." ఇంత వివరంగా రాస్తే మాస్టారికి రేపటి ప్రాక్టికల్ దొరికినట్టే.

ప్రాసెసింగ్ ప్లాంటువాళ్లకి ఇంకో ఉదాహరణ. మన చెరువు గట్టు మీద కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని. ఎగుమతి పెట్టె మీద తల తీసిన రొయ్యకి 31/40 అని రాస్తే పౌనుకి 31 నుంచి 40 అని. గ్రేడింగ్ టేబుల్ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి ఈ తేడా ఎవరూ చెప్పకపోతే శాంపిల్ సరిగ్గా లెక్కపెట్టి కూడా లేబుల్ తప్పు వేస్తుంది. తల తీసిన రొయ్యలు కిలో శాంపిల్‌లో 75 ఉన్నాయనుకోండి. కిలో అంటే దాదాపు 2.2 పౌన్లు. 75ని 2.2తో భాగిస్తే 34 వస్తుంది, అంటే అది 31/40 పెట్టెలోకి వెళ్లాలి. ఇది తరగతిలో లెక్కల పీరియడ్‌లో చెప్పగలిగిందే. పాఠంలో రొయ్య లేకపోబట్టి చెప్పలేదు, అంతే.

పదిహేను రోజులయ్యాక జాబితాని రెండుగా విడదీయండి. ఎవరి షాపుకి వెళ్లినా పనికొచ్చేవి ఒకవైపు: మెగ్గర్ పట్టడం, బేరింగ్ తీసి ఎక్కించడం, త్రీఫేజ్ స్టార్టర్ కలపడం, రీడింగ్ చూసి రిజిస్టర్‌లో రాయడం. మీ షాపుకే చెందినవి రెండోవైపు: మీ మిషను మోడల్, మీ బిల్లు పుస్తకం, మీ కస్టమర్ల అలవాట్లు. మొదటివైపు ఉన్నవే ఐటీఐని అడగండి. రెండోవి నేర్పించడం మీ బాధ్యత. మీ ఒక్కరి మిషనుకి సరిపోయే మనిషిని తయారుచేసి ఇమ్మని ప్రభుత్వ బడిని అడగడం న్యాయం కాదు. ఆ పిల్లాడి ముందు ముప్ఫై ఐదేళ్ల పని జీవితం ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య మీద బతికే ప్రతి ఇంట్లోనూ టెన్షనే. అలాంటి రోజు రొయ్యల చెరువు వదిలి రైస్ మిల్లుకి వెళ్లినా అతని చేతిలో పని ఉండాలి. మోటారు అక్కడా తిరిగేది ఒకేలా.

ఒక్కరే వెళ్లకండి

ఇరవై మంది ఉండే బ్యాచ్ కోసం ఒక షాపు మాట విని మాస్టారు పాఠం మార్చలేరు, మార్చకూడదు కూడా. ఐదారుగురు యజమానులు కలవండి. అందరూ ఒకే వ్యాపారం అయితే ప్రయోజనం తక్కువ. మా గుంపులో ఇద్దరం మోటార్ల వాళ్లం, ఒకరు మిల్లు, ఒకరు ఐస్ ఫ్యాక్టరీ, ఒకరు జనరేటర్ సర్వీసు. ఐదు నోటుబుక్కులు పక్కపక్కన పెట్టి చూస్తే పదకొండు పనులు అందరి దగ్గరా ఉన్నాయి. ఆ పదకొండే పట్టుకెళ్లాం.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ప్రభుత్వ ఐటీఐ అయితే ప్రిన్సిపాల్‌ని కలిసి, మీ దగ్గర ఐఎంసీ, అంటే సంస్థ నిర్వహణ కమిటీ, నడుస్తోందా అని అడగండి. 2007-08లో మొదలైన పథకం కింద దేశంలో 1,396 ప్రభుత్వ ఐటీఐలకి ఇలాంటి కమిటీలు పెట్టి, ఒక్కోదానికి 2.5 కోట్ల రూపాయల వడ్డీలేని అప్పు ఇచ్చారు. ఆ పథకం ప్రకారం కమిటీ ఛైర్మన్ పరిశ్రమ మనిషే. ఇంకో నలుగురు స్థానిక పరిశ్రమల వాళ్లు ఉంటారు. ప్రభుత్వం తరఫున ఐదుగురు ఉంటారు, అందులో ఒక సీనియర్ మాస్టారు, విద్యార్థుల తరఫున ఒకరు కూడా. ప్రిన్సిపాల్ మెంబర్ సెక్రటరీ. అంటే మన మాటకి కుర్చీ ఎప్పుడో వేసి ఉంచారు. చాలాచోట్ల ఆ కుర్చీలో కూర్చునే మనిషి సంతకానికి తప్ప రాడు. మీరు సభ్యులు కాకపోయినా, కమిటీలో ఉన్న పరిశ్రమవాళ్లెవరో కనుక్కుని వాళ్ల ద్వారా మీ జాబితా మీటింగ్‌లో పెట్టించండి.

ఏది మారుతుందో, ఏది మారదో ముందే తెలుసుకుంటే మీకూ వాళ్లకీ చికాకు ఉండదు. ఐటీఐ ట్రేడ్ సిలబస్ ఢిల్లీలో డీజీటీ, అంటే కేంద్రం శిక్షణ విభాగం, తయారు చేస్తుంది, పరీక్ష దేశమంతటికీ ఒకటే. దాన్ని ప్రిన్సిపాల్ మార్చలేరు. కానీ సిలబస్‌లో మోటారు టెస్టింగ్ అని ఉన్నచోట ఏ మోటారు మీద చేయించాలన్నది, ఎన్నిసార్లు చేయించాలన్నది వాళ్ల చేతిలో ఉంది. మన పని అంతా ఆ సందులోనే. ఇంకా ఎక్కువ కలిసి చేయాలంటే 2016లో వచ్చిన డ్యుయల్ ట్రైనింగ్ పద్ధతి ఉంది. ఐటీఐతో ఒప్పందం రాసుకుంటే కోర్సులో కొంతకాలం పిల్లలు మీ దగ్గరే పని నేర్చుకుంటారు. పెద్ద మిల్లులకీ ప్లాంట్లకీ అది సరిపోతుంది. ఐదుగురు పనివాళ్లున్న మాలాంటి షాపులకి ఆ బరువు మొదట్లో అక్కర్లేదు.

పాలిటెక్నిక్ అయితే డిప్లొమాలో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది, శాఖ హెడ్‌ని కలవండి. ఇంటర్ ఒకేషనల్ ఉన్న జూనియర్ కాలేజీని కూడా మర్చిపోవద్దు. అక్కడి పిల్లల కోసం ఎవరూ అడగరు.

బయటి దేశాల సంగతి ఒక్కమాట. జర్మనీలో పని నేర్చుకునే కుర్రాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, మిగతా రోజులు బడిలో ఉంటాడు, చివరి పరీక్ష పెట్టేది వ్యాపారుల ఛాంబరు. అమెరికాలో 2018 నాటి చట్టం ప్రకారం వృత్తివిద్యకి కేంద్రం డబ్బు తీసుకునే జిల్లాలు రెండేళ్లకోసారి స్థానిక అవసరాల లెక్క తీయాలి, అందులో యజమానుల్ని సంప్రదించి తీరాలి. మన దగ్గర అడిగే దాకా ఆగకుండా మనమే వెళ్లాలి.

మొదటి మీటింగ్

తేదీ చూసుకోండి. సార్వా కోతల టైములో మిల్లువాళ్లు రారు, చెరువుల్లో రొయ్యల పట్టుబడి జోరుగా ఉన్నప్పుడు మేం రాలేం. వేసవిలో కాలువలు కట్టేశాక, కొత్త నీళ్లు వదలకముందు ఉండే రోజులు మా ఐదుగురికీ కుదిరాయి. ఐటీఐలో కొత్త బ్యాచ్ ఆగస్టులో మొదలవుతుంది కాబట్టి అప్పటికి మాస్టార్లకి ప్లాను వేసుకోవడానికి టైం ఉంటుంది.

ఉపన్యాసం ఇవ్వకండి, ఫిర్యాదుతో మొదలుపెట్టకండి. నేను మొదటిసారి చేసిన తప్పు అదే. రెండోసారి వెళ్లినప్పుడు ఉప్పు తిన్న టెర్మినల్ బాక్స్ ఒకటి, సగం కాలిన స్టేటర్ ఒకటి పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. మాస్టార్లు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకాయన చిలుముని గోటితో గీకి చూసి, "ఇది మా పిల్లలు చూడలేదండి. మా దగ్గరున్న మోటార్లన్నీ గదిలో ఉన్నవే, వాటికి ఉప్పు గాలే తగలదు" అన్నారు. అరగంట ఆ బాక్స్ మీదే మాట్లాడుకున్నాం.

లేచే ముందు మూడే మూడు విషయాలు తేల్చుకుని కాగితం మీద పెట్టండి: ఈ ఏడాది ఏ పనుల మీద ఎక్కువ ప్రాక్టికల్ చేయిస్తారు, మీ వైపు నుంచి ఎవరు ఏ రోజున వస్తారు, మళ్లీ ఎప్పుడు కలుస్తారు. కాగితం లేని మాట మాస్టారు బదిలీ కాగానే పోతుంది.

మీరు ఇవ్వాల్సినవి

చెక్కు ఇచ్చి ఫొటో దిగడం తేలిక. ఐటీఐకి దానికన్నా అవసరమైనవి మన షాపు మూలన పడి ఉన్నాయి. పాడైన సామాను ఇవ్వండి, కానీ తుక్కుగా ఇవ్వొద్దు. ప్రతిదానికీ ఒక చీటీ కట్టండి: ఇది ఎక్కడ నడిచింది, ఎన్నాళ్లు నడిచింది, ఎందుకు పోయింది. "ఆయిల్ సీల్ అరిగి ఉప్పు నీళ్లు గేర్‌బాక్స్‌లోకి దిగాయి, పళ్లు తినేశాయి" అని రాసి ఉన్న గేర్‌బాక్స్ ఒక పాఠం. చీటీ లేనిది ఇనప ముక్క.

అన్నిటికన్నా విలువైంది మాస్టారికి మీ షాపులో ఐదు రోజులు చోటివ్వడం. పిల్లల్ని బస్సులో తెచ్చి గంటసేపు తిప్పి పంపడం కన్నా ఇది ఎంతో మేలు, ఎందుకంటే ఒక మాస్టారు నేర్చుకుంటే ఏడాదికి ఇరవై మందికి చేరుతుంది. ఆయన్ని పరీక్షించినట్టు చూడకండి. ఆయన చదువు ఆయనకుంది, మీకు లేనిది.

మా దగ్గర జరిగింది చెప్తాను. మా మేస్త్రి ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు, ఐదో తరగతితో బడి మానేశాడు. తిరిగే మోటారు మీద పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఆనించి పిడి చెవికి పెట్టుకుంటాడు. "గరగర అంటోందండి, వెనక బేరింగ్ పోయింది" అంటాడు. విప్పితే అదే. మాస్టారు రెండో రోజు ఆయన పక్కన కూర్చుని అదే స్క్రూడ్రైవర్ తన చెవికి పెట్టుకున్నారు. మంచి మోటారూ, పాడైన మోటారూ మార్చి మార్చి విన్నారు. "వినపడిందా మాస్టారూ?" "ఆయ్, వినపడిందండి." తర్వాత ఆయన, బేరింగ్ బంతులు నడిచే దారి గుంటలు పడితే ఆ చప్పుడు ఎందుకొస్తుందో బొమ్మ గీసి మేస్త్రికి చెప్పారు. మా మేస్త్రి ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ ఏడాది నుంచి ఐటీఐ వర్క్‌షాపులో రెండు మోటార్లు, ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ ఆ పాఠానికే ఉంచారు.

ప్రాక్టికల్స్‌కి ముందు మాక్ టెస్ట్ పెట్టేటప్పుడు మీలో ఒకరు కూర్చోండి. మార్కులు మాస్టారే వేస్తారు, మీరు చూసింది చెప్పండి చాలు.

అప్రెంటిస్‌ని తీసుకునేటప్పుడు

అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. 2019లో మారిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్లున్న సంస్థ మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లని తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్నవాళ్లకి అది ఐచ్ఛికం. మన చుట్టుపక్కల మిల్లులు, ప్లాంట్లు చాలావరకు మొదటి లెక్కలోకే వస్తాయి, యజమానుల్లో కొందరికి ఆ సంగతే తెలియదు. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో సంస్థ పేరు నమోదు చేసుకుని, కుర్రాడితో కాంట్రాక్టు రాసుకోవాలి, మైనర్ అయితే ఇంటి పెద్ద సంతకం కావాలి. 2019 నిబంధనల్లో కనిష్ఠ స్టైపెండ్ చదువుని బట్టి నెలకి 5,000 నుంచి 9,000 రూపాయలు. మీరు కాంట్రాక్టు రాసే రోజున పోర్టల్‌లో ఉన్న రేటు చూసుకోండి. కేంద్రం అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1,500 రూపాయలకి మించకుండా, తన వంతుగా భరిస్తుంది.

అతను మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చాడు, కూలికి కాదు. చట్టం కూడా అదే అంటుంది. అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత మీది. అమ్మోనియా ప్లాంటు దగ్గర, ప్రమాదమున్న ఏ పని దగ్గరైనా 18 నిండనివాణ్ని నిలబెట్టకండి. ఏడాదంతా ఊడ్పించి, టీలు తెప్పించి చివర్లో సంతకం పెట్టి పంపే యజమానులు ఉన్నారు. అలాంటి ఒక్క షాపు వల్ల ఊళ్లో పది షాపులకి పిల్లలు రావడం మానేస్తారు.

చేయాల్సింది ఇది: ఒక పాత పనివాడికి ఆ కుర్రాణ్ని అప్పగించండి, అందుకు ఆ పనివాడికి నెలకి కొంచెం ఎక్కువ ఇవ్వండి. శనివారం సాయంత్రం పావుగంట కూర్చోబెట్టి ఈ వారం ఏం చేశాడో అతని చేతే రాయించండి. మన పదకొండు పనుల జాబితా గోడకి అంటించి, వచ్చిన పనికి ఎదురుగా టిక్ పెట్టించండి.

అమ్మాయిలు రావాలంటే మరుగుదొడ్డి, మారడానికి గది, చివరి బస్సు కన్నా ముందు వదిలే షిఫ్టు, ఈ మూడూ ఉండాలి. మా షాపులో గది కట్టించడానికి రెండేళ్లు ఆలస్యం చేశాను. కట్టిన ఏడాదే వైండింగ్‌కి ఇద్దరు వచ్చారు. తీగ లెక్కలో వాళ్ల చేతికి తప్పు తక్కువ.

జీతం దగ్గర

మనమందరం ఎక్కువగా తప్పించుకునేది ఇక్కడే. రెండేళ్లు చదివి వచ్చినవాడికీ, నిన్న రోడ్డు మీద నుంచి వచ్చిన హెల్పర్‌కీ ఒకే జీతమిస్తే ఆ చదువు ఎవరు చదువుతారు? ఐటీఐతో కూర్చున్నప్పుడే, ఈ పదకొండు పనులూ వచ్చినవాడికి మొదటి నెల ఎంతిస్తారో ఐదుగురూ చెప్పండి. ఆ అంకె పిల్లల చెవిన పడితే మిగతా మాటలు వాళ్లు నమ్ముతారు.

నేర్చుకున్నాక కువైట్ వెళ్లిపోతాడు, హైదరాబాద్ వెళ్లిపోతాడు అని భయపడి ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచుకునేవాళ్లని చూశాను. ఆ పని చేయకండి. కొందరు వెళ్తారు. ఇంటి దగ్గరే ఉండాలనుకునేవాళ్లు మంచి జీతముంటే ఆగుతారు. వెళ్లినవాడు కూడా సెలవుకి వచ్చినప్పుడు తమ్ముణ్ని మన దగ్గర చేరుస్తాడు, మా దగ్గర అలా ఇద్దరు చేరారు.

మూడో నెల ఉత్తరం

కొత్తవాళ్లు చేరిన మూడో నెల చివర ఐటీఐకి ఒక ఉత్తరం రాయండి. సగం పేజీ చాలు, వాట్సాప్‌లో పంపినా చాలు. ఈ ఒక్కటీ మానేస్తే మిగతావన్నీ ఏడాదిలో చప్పబడిపోతాయి, ఎందుకంటే తాము మార్చిన పాఠం ఫలించిందో లేదో మాస్టారికి ఇంకో దారిలో తెలియదు. కుర్రాడి పేరు మీద నింద వేయకుండా, పని పేరుతోనే రాయండి. పోయిన నవంబరులో నేను పంపింది ఇది:

"మాస్టారికి నమస్కారం. ఈసారి వచ్చిన ఇద్దరికీ మెగ్గర్ వాడటం బాగా వచ్చు, చెప్పకుండానే ముందు టెర్మినల్ బాక్స్ విప్పి ఉప్పు చూస్తున్నారు. స్టార్టర్ కలపడంలో కొంచెం భయం ఉంది, అది మేం చూసుకుంటాం. గేర్‌బాక్స్‌కి ఆయిల్ సీల్ ఎక్కించడం ఇద్దరికీ రాదు, సుత్తితో కొట్టేస్తున్నారు, అంచు చిరుగుతోంది. ఆ ప్రాక్టికల్‌కి మీ దగ్గర పాత గేర్‌బాక్సులు చాలకపోతే సోమవారం నాలుగు పంపిస్తాను, చీటీలు కట్టి."